చీటీలో వచ్చిన సముద్రం

2017 బదిలీల కౌన్సెలింగులో నాకు నల్లమాడ మండలంలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల వచ్చింది. హోదా స్కూల్ అసిస్టెంట్, సబ్జెక్టు ఇంగ్లీషు. బయటివాళ్ళు ఈ పేరు వింటే నేనెవరికో సహాయకురాలిని అనుకుంటారు. హైస్కూల్లో ఒక సబ్జెక్టు బరువంతా మోసే టీచరునే మా శాఖలో అలా పిలుస్తారు. అప్పటికి జిల్లా ఇంకా రెండు ముక్కలు కాలేదు, నల్లమాడ అనంతపురం జిల్లాలోనే ఉండేది. ఊరి పేరు మాత్రం రాయను. మనుషుల పేర్లు కూడా మార్చాను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

నేను పుట్టి పెరిగింది గుంతకల్లు రైల్వే కాలనీలో. మా నాయన గూడ్సు బండి గార్డు. నాకు ఇంగ్లీషు మొదట పుస్తకంలోంచి రాలేదు. నాయన డ్యూటీ దిగి ఇంటికొచ్చి మాట్లాడే సిగ్నలు, షంటింగు, బ్రేక్ వ్యాను లాంటి మాటల్లోంచి వచ్చింది. అందుకని భాష నేర్పేటప్పుడు వ్యాకరణం కంటే ముందు పిల్లల చేతికి పనికొచ్చే మాటలు ఇవ్వాలని నా పట్టు. దీని మీద తోటి టీచర్లతో ముప్పై ఏళ్ళు వాదించాను. కొందరు ఒప్పుకున్నారు, కొందరు నాతో టీ తాగడం మానేశారు.

ఆ ఏడాది వానాకాలంలో మాకు మండల స్థాయి శిక్షణ పెట్టారు. అందులో చెప్పింది థీమ్ పద్ధతి. అంటే ఒక నెలంతా ఒకే విషయం చుట్టూ మాటలు, ఆటలు, చిన్న కవితలు అల్లుకుంటూ ఇంగ్లీషు చెప్పడం. చివరిరోజు థీమ్‌లు చీటీలు వేసి పంచారు. పక్క ఊరి సారుకు రైలు వచ్చింది. ఆయన ఊరికి రైలు లేదు. రైల్వే గార్డు కూతురినైన నాకు సముద్రం వచ్చింది. మార్చుకుందామా అని ఆయనను అడిగితే బతికించావన్నట్టు చూశాడు. కానీ శిక్షణ ఇచ్చే రిసోర్స్ పర్సన్ ఒప్పుకోలేదు. చీటీ తీసింది మీ చేయే కదా మేడం అన్నాడు.

సముద్రం నేను చూసింది ఒక్కసారే. బి.ఇడి.లో ఉండగా విహారయాత్రకు చెన్నై తీసుకెళ్ళారు. అల వచ్చి నా చెప్పు ఒకటి లాక్కుపోయింది, రెండోది చేతిలో పట్టుకుని బస్సెక్కాను. ఆ ఒక్క చెప్పుతో నెల రోజుల పాఠం నడవదు. ఇక మా ఎనిమిదో తరగతి పిల్లల సంగతి చెప్పక్కర్లేదు. వాళ్ళకు తెలిసిన పెద్ద నీళ్ళు ఊరి చెరువు, అది కూడా నిండితే ఊరంతా వెళ్ళి చూసొచ్చే వింత.

ఇక్కడ కుళ్ళాయమ్మ గురించి చెప్పాలి. నేను ఆ బళ్ళో చేరిన రెండో వారంలో ఒక తల్లి కూతురిని వెంటబెట్టుకుని ఆఫీసు గదికి వచ్చింది. ఆ పాపే కుళ్ళాయమ్మ. మా వైపు గూగూడు కుళ్ళాయిస్వామి పేరు హిందువులు, ముస్లింలు అని లేకుండా అందరూ పెట్టుకుంటారు. వీళ్ళది చెనక్కాయ, అంటే వేరుశనగ పండించే రైతు కుటుంబం. ఏడో తరగతి సగంలో బడి మానేసిన పిల్లను మళ్ళీ చేర్చుకోమని వచ్చారు. చట్టం ప్రకారం వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాల్సిందే కాబట్టి ఎనిమిదిలో కూర్చోబెట్టాం. ఇన్నాళ్ళూ ఎక్కడున్నారని హెడ్మాస్టరు అడిగాడు.

"బెంగళూరు పక్క ఉంటిమి సార్. మా ఇంటాయనకు ఆడ మేస్త్రీ పని" అని తల్లి అక్కులమ్మ చెప్పింది.

మాట్లాడినంతసేపూ ఆమె రెండు చేతులూ కొంగు కిందే ఉన్నాయి. రిజిస్టరులో సంతకం పెట్టమంటే తనకు రాదని చెప్పి, కూతురి చేత పెట్టించింది. పెద్దవాళ్ళ ముందు అలా నిలబడటం వాళ్ళ మర్యాద కాబోలనుకుని నేను పట్టించుకోలేదు.

నా క్లాసులో ఒక అలవాటు ఉండేది. పీరియడు చివర ఎవరైనా సరే ఒక మాట అడగవచ్చు. దీన్ని ఇంగ్లీషులో ఏమంటారని అడిగితే నేను బోర్డు మీద రాస్తాను. వాళ్ళు దాన్ని అట్టముక్క మీద రాసుకుని, గోడకు కట్టిన గోనె పురికి తగిలిస్తారు. షరతు ఒక్కటే, ఆ మాట వాచకంలో ఉండకూడదు, తమకు కావలసిందై ఉండాలి. పిల్లలు చెనక్కాయ అడిగారు, బోరు ఎండిపోవడం అడిగారు. దుక్కి చదును చేసే గుంటక అడిగితే ఆ రోజు ఇవ్వలేకపోయాను, ఇంటికెళ్ళి వెతుక్కుని మర్నాడు ఇచ్చాను. ఒకడు రోజూ తిట్లు అడిగేవాడు, వాడికి మాత్రం చివరిదాకా ఇవ్వలేదు.

కుళ్ళాయమ్మ మొదట్లో అడిగేది కాదు. అక్షరాలు కూడబలుక్కుంటూ చదివేది. సముద్రం థీమ్ మొదలయ్యాక ఒకరోజు లేచి నిలబడి, "ఐసుకు ఇంగ్లీషులో ఏమంటారు మేడమ్?" అంది. అది ఇంగ్లీషు మాటే అన్నాను. ఆ పిల్ల నమ్మలేదు. ఇంగ్లీషు మాట తనకు ముందే తెలిసి ఉండటం ఆమెకు విడ్డూరంగా తోచింది. ఆ తర్వాత కొన్ని రోజుల్లో దగ్గు అడిగింది, నిలబడటం అడిగింది, దాచుకోవడం అడిగింది. ఇంకోరోజు ఒలవడానికి ఏమంటారంది. ఏం ఒలవడానికి అని అడిగాను, చెనక్కాయకు ఒక మాట, అరటిపండుకు ఇంకో మాట ఉంటుంది కాబట్టి. "ఏదైనా మేడమ్" అంది. ఒక మాట ఇచ్చాను. అట్టముక్క మీద రాసుకుని వెళ్ళింది.

బోధనోపకరణాలని మా శాఖలో ఒక మాట ఉంది. పాఠంలోని వస్తువును వీలైనంతవరకు క్లాసులోకి తెచ్చి చూపించాలి. సముద్రాన్ని ఎక్కడినుంచి తేవాలి? ఆలోచిస్తే మా పీఠభూమి మీదికి సముద్రం నుంచి వచ్చేవి రెండే కనిపించాయి, ఉప్పు, ఎండు చేపలు. నేనుండే కదిరిలో సంతకెళ్ళి ఎండు చేపలు, ఎండు రొయ్యలు కొని సంచిలో వేసుకున్నాను. మాది శాకాహారుల ఇల్లు. బస్సులో కండక్టరు, "ఎవురిదప్పా ఈ సంచి, పైన పెట్టండి" అని కేకేస్తే నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

క్లాసులో మాత్రం ఆ సంచికి పెద్ద మర్యాద జరిగింది. వెనక బెంచీల వాళ్ళు కూడా ముందుకొచ్చారు. చేపను పట్టుకుని తోక, మొప్ప, పొలుసు అంటూ ఇంగ్లీషులో చెప్పుకుంటున్నారు. హెడ్మాస్టరు గుమ్మం దగ్గరికి వచ్చి ముక్కు మూసుకుని, మధ్యాహ్న భోజనం వండేవాళ్ళు భయపడుతున్నారని చెప్పి వెళ్ళాడు. రొయ్యల పొట్లం కుళ్ళాయమ్మ బెంచీ దగ్గరికి చేరింది. ఆ పిల్ల లేచి నిలబడింది. కిందికి చూడకుండానే ఒక రొయ్య తీసింది, తల తుంచింది, పెంకు ఒక్క లాగుతో ఊడదీసింది, కండ ఒకవైపు, పెంకు ఒకవైపు వేసింది. వెంటనే ఇంకొకటి తీసింది. పక్కనున్న పిల్లలు ఆపి చూసేసరికి ముందర చిన్న కుప్ప తయారైంది.

"యాడ నేర్చినావే?" అని ఎవరో అడిగారు.

కుళ్ళాయమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది. "మా అవ్వ కాడ" అంది.

రొయ్యలు ఆ ఊళ్ళో చాలా ఇళ్ళలో వండుతారు, ఒలవడం అవ్వ నేర్పడంలో వింతేమీ లేదు. కానీ ఏ అవ్వా కూరకు రొయ్యలు నిలబడి ఒలవదు. నేను ఏమీ అడగలేదు. క్లాసులో అడిగే సంగతి కాదని అర్థమైంది.

నెల చివరికి కవిత రాయించాలి. ఇంగ్లీషు కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఒక చిన్న మూస ఉంటుంది. మొదటి లైనులో ఒక మాట, విషయం పేరు. రెండో లైనులో అదెలా ఉంటుందో చెప్పే రెండు మాటలు. మూడో లైనులో అక్కడ జరిగే పనులు మూడు. నాలుగో లైను ఒక చిన్న వాక్యం. చివరి లైనులో మళ్ళీ ఒకే మాట, మొదటిదానికి ఇంకో పేరు. ప్రాస అక్కర్లేదు, వ్యాకరణం దాదాపు అక్కర్లేదు, మాటలుంటే చాలు. పిల్లలు రాసిచ్చారు. క్లాసు మొత్తం సముద్రం నీలంగా, పెద్దగా ఉంది. కుళ్ళాయమ్మది కూడా అంతే. గోడమీది చార్టు చూసి అందరూ ఒకటే దించారు. నాకు ఒళ్ళు మండింది. మళ్ళీ రాయండి, నీలం నిషేధం అన్నాను.

"సముద్రం నీలం కాకపోతే ఇంకేముంటాది మేడమ్?" అని పిల్లలు గోల పెట్టారు.

గంట కొట్టాక కుళ్ళాయమ్మ ఒక్కతే ఆగింది. "ఇంగ్లీషులో రాస్తే మన ఊర్లో ఎవురికీ తెలీదు గదా మేడమ్?" అని అడిగింది.

నాకూ హెడ్మాస్టరుకూ తప్ప తెలియదన్నాను.

"సారు చదవడు గదా?"

చదవడన్నాను. అది నిజమే.

మర్నాడు ఆమె ఇచ్చిన కాగితంలోని కవితను తెలుగులో చెబితే ఇలా ఉంటుంది:

సముద్రం.
చల్లన, నల్లన.
ఒలుస్తూ, నిలబడుతూ, దగ్గుతూ.
మా అమ్మ చేతులు దాచుకుంటుంది.
ఐసు.

రోజుకొకటి చొప్పున నేనిచ్చిన మాటలే అవి. ఆ రోజు నిజంగా బాధేసింది. కుళ్ళాయమ్మను కూర్చోబెట్టి అడిగితే చెప్పింది. వాళ్ళు వెళ్ళింది బెంగళూరుకు కాదు, కేరళ ఒడ్డుకు. అక్కడ రొయ్యల షెడ్డులో నాయన ఐసు పెట్టెలు మోస్తాడు. అమ్మ, ఈ పిల్ల ఐసులో పెట్టిన రొయ్యలు ఒలుస్తారు. కూలి బేసిన్ల లెక్కన. కూర్చుంటే పని నడవదని నిలబడే ఒలుస్తారు. తల్లి వేళ్ళ చర్మం పగిలి తెల్లగా ఊడిపోతుంది, అందుకే ఊరికి వచ్చినప్పుడు చేతులు కొంగులోంచి తీయదు. ఇదంతా ఊరికి తెలియకూడదు. పొలం ఉన్న రైతు ఇల్లు చేపల షెడ్డులో కూలికి పోయిందంటే నలుగురిలో తక్కువవుతామని వాళ్ళ భయం. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని ఊరికే అనలేదు. పనిలో చిన్నతనమేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు, కానీ ఆ భయం మాత్రం నాకు బాగా అర్థమైంది.

"మళ్ళా పోవల్ల మేడమ్" అంది కుళ్ళాయమ్మ. "చెనక్కాయ పీకినాక. నా చేతులు బిరబిర ఆడతాయని నాయన అంటాడు."

అంటే మూడు నెలల్లో ఆ పిల్ల మళ్ళీ బడి మానేస్తుంది. రెండోసారి మానేసినవాళ్ళు తిరిగి రావడం నా ఉద్యోగంలో నేను చూసింది చాలా తక్కువ.

దీనికి ప్రభుత్వం దగ్గర ఒక ఏర్పాటు ఉంది. సీజనల్ హాస్టల్ అంటారు. పెద్దవాళ్ళు వలసపోయిన నెలల్లో పిల్లలు బళ్ళోనే పడుకుంటారు, మూడు పూటలా భోజనం పెడతారు, చూసుకోవడానికి ఒక ఆయమ్మ ఉంటుంది. అయితే ఒక ఊరికి అది మంజూరు కావాలంటే తగినంతమంది పిల్లల పేర్లు రావాలి. ఆ పేర్లు బడి కమిటీ సమావేశంలో తేల్చాలి. మా ఊళ్ళో అంతకు ముందెప్పుడూ హాస్టలు రాలేదు. ఎందుకు రాలేదో సమావేశంలో కూర్చున్నాక తెలిసింది.

చెనక్కాయ పీకడం అయిపోయే రోజుల్లో సమావేశం పెట్టారు. వానలు అదనులో పడలేదు, కాయ సగం తాలు. వచ్చిన వాళ్ళందరి మొహాల్లో అదే ఉంది. కమిటీ చైర్మన్ రామాంజినేయులు ఊళ్ళో ఎరువుల అంగడి నడిపే మనిషి. లెక్కలు సేకరించడానికి సి.ఆర్.పి. వచ్చాడు, అంటే చుట్టుపక్కల బళ్ళు తిరిగి వివరాలు రాసుకునే కాంట్రాక్టు ఉద్యోగి. అతను కాగితం తీసి, "ఈ సంవత్సరం వలస పోయేవాళ్ళు చేతులెత్తండి" అన్నాడు.

ఒక్క చేయీ లేవలేదు. ఇంకో నెలలో ఆ ఊళ్ళో సగం తలుపులకు తాళాలు పడి, గుమ్మాలకు ముళ్ళకంప అడ్డం పడుతుందని అక్కడున్న ప్రతివాళ్ళకూ తెలుసు. కానీ ఆ ఊళ్ళో వలస అనే మాట ఎవరూ వాడరు. మూటలు నెత్తిన పెట్టుకుని బస్సు కోసం నిలబడ్డవాళ్ళను ఎక్కడికని అడిగితే, "పెండ్లికి పోతాండాం" అంటారు. అడిగినవాడు కూడా మంచిదప్పా అంటాడు. నాలుగు నెలలు జరిగే పెళ్ళి ఏమిటని ఎవరూ అడగరు. కుళ్ళాయమ్మ నాయన ఓబులప్ప రెండో వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు, వెనక ఆడవాళ్ళలో అక్కులమ్మ ఉంది. సి.ఆర్.పి. కాగితంలో ఎవరూ లేరని రాసుకుని మడిచాడు. హెడ్మాస్టరు ఊపిరి పీల్చుకున్నాడు. హాస్టలు వస్తే బాధ్యత ఆయనదే కదా.

కార్యక్రమంలో చివరిది పిల్లల కవితలు. ముందురోజు కుళ్ళాయమ్మ తానూ చదువుతానంది. మీ నాయన కూడా వస్తాడని హెచ్చరించాను. "వస్తే ఏమి మేడమ్, ఇంగ్లీషే గదా" అంది. ఆమె వంతు రాగానే ముందుకొచ్చి నిలబడి, ఆ ఐదు లైన్లూ తడబడకుండా చదివింది. తల్లి చేతుల గురించిన లైను చదివేటప్పుడు తల్లి వైపు చూడలేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఏమప్పా ఓబులప్పా, నీ కూతురు దొరసాని మాదిరి మాట్లాడతాండాదే" అన్నాడు చైర్మన్.

ఓబులప్ప మొహం వెలిగిపోయింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది అతనే. ఆ చప్పట్లు వినడం నాకు కష్టమైంది.

సమావేశం అయ్యాక వరండాలో అతనూ అక్కులమ్మా కూతురితో పాటు నా దగ్గరికి వచ్చారు. అతను ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "ఏం చదివినాది మేడమ్ మా పాప? చప్పట్లయితే కొడ్తిమి. అర్థమయ్యేటట్ల చెప్పండి" అన్నాడు.

పిల్ల నన్ను నమ్మి రాసింది. చెప్పే హక్కు నాకు లేదు. కుళ్ళాయమ్మ వైపు తిరిగి, చెప్పమంటావా అని అడిగాను. ఆ పిల్ల అమ్మను చూసింది, నాయనను చూసింది.

"చెప్పండి మేడమ్. తెలుగులో నాకు నోరు రాదు" అంది.

ఒక్కో లైనూ తెలుగులో చెప్పాను. సముద్రం దగ్గర అతని నవ్వు అలాగే ఉంది. మూడో లైనుకు పోయింది. నాలుగో లైనుకు అక్కులమ్మ కొంగు కింద చేతులు ఇంకా లోపలికి జరిగాయి. చివరి మాటకు అనువాదం అవసరం లేకపోయింది.

"ఈ మాటలు దానికి ఎవురు నేర్పిచ్చినారు?" అన్నాడు ఓబులప్ప. గొంతులో కోపం ఉంది.

మాటలు నేనే ఇచ్చాను, రోజుకొకటి అడిగి తీసుకుంది, వాటిని ఆ వరసలో పెట్టింది మాత్రం తనే అని చెప్పాను.

"మేము దాన్ని కొట్టి పని చేపియ్యలేదు మేడమ్."

"కొట్టారని అది రాయలేదు ఓబులప్పా" అన్నాను.

అప్పటిదాకా నోరెత్తని అక్కులమ్మ మాట్లాడింది. "నేను దాసిపెట్టేది ఊరోళ్ళకు కనపడకూడదని. ఇది జూస్తాండాదని అనుకోలే" అంది. మొగుడి వైపు తిరిగి, "ఈ తూరి అది రాదు. నువ్వేమన్నా అనుకో" అంది.

"చేతులెత్తమంటే ఎత్తకపోతిమి. ఇప్పుడు పోయి ఏమని జెప్పల్ల?" అన్నాడు అతను.

జాబితా మండల విద్యాధికారి ఆఫీసుకు వెళ్ళడానికి ఇంకా వారం గడువుందని, పేరు ఎప్పుడైనా కలపవచ్చని చెప్పాను. వాళ్ళు కూతురిని తీసుకుని వెళ్ళిపోయారు. ఆ వారం కుళ్ళాయమ్మ బడికి వచ్చింది కానీ ఒక్క మాట కూడా అడగలేదు. నాకు కాలు నిలవలేదు. ఇల్లు వెతుక్కుని వెళ్దామా అనుకుని, పంతులమ్మ వచ్చిందంటే ఊరంతా చూస్తుందని ఆగిపోయాను.

గడువు రేపనగా ఓబులప్ప ఒక్కడే వచ్చాడు. గదిలో ఇంకెవరూ లేరని చూసుకుని చెప్పాడు.

"పాపను ఇంగ్లీషుకు పెట్టిపోతాండా మేడమ్. ఊర్లో అట్లే జెప్తా. కాయితంలో మీరేం రాసుకుంటారో రాసుకోండి, నేను అడ్డం రాను."

కాగితంలో ఉన్నది ఉన్నట్టే రాశాను, వలస కుటుంబం అని. పనిచేసే చోటు కూడా అతనే చెప్పాడు. కానీ ఒక్క పేరుతో హాస్టలు రాదు, ఆ సంగతి అతనికి చెప్పడానికి నాకు నోరు రాలేదు. హెడ్మాస్టరును బతిమాలి, అధికారితో ఫోనులో మాట్లాడించి, ఇంకో పదిరోజులు గడువు పొడిగించుకున్నాం.

ఆ తర్వాత జరిగింది నేను ఊహించింది కాదు. ఓబులప్ప అన్న మాట ప్రకారం ఊళ్ళో చెప్పాడు. ఎరువుల అంగడి దగ్గర కూడా చెప్పినట్టున్నాడు. చైర్మన్ నోటే దొరసాని అనిపించుకున్న పిల్ల కాబట్టి అందరూ నమ్మారు. రెండు రోజులకు ఒక తల్లి వచ్చి, "ఓబులప్ప బిడ్డకేనా ఇంగ్లీషు, మా పిల్లోల్లు ఏం పాపం జేసినారు?" అని నన్ను నిలదీసింది. తర్వాత ఇళ్ళు కట్టే బేల్దారి పనికి పోయే షేకు కుటుంబం వచ్చింది. చర్చి వీధి నుంచి ఇద్దరు అన్నదమ్ములు కలిసి వచ్చారు. ఎవరూ వలస అనలేదు. ఇంగ్లీషుకు పెట్టిపోతామన్నారు. ఒక్కొక్కరినీ వేరుగా కూర్చోబెట్టి, ఎప్పుడు పోతారు, ఎక్కడికి పోతారు అని అడిగితే అన్నీ సరిగ్గా చెప్పారు. గడువులోపలే జాబితా నిండింది.

హెడ్మాస్టరుకు మాత్రం నిద్ర పట్టలేదు. ఇది వలస పిల్లల హాస్టలా, మీ ఇంగ్లీషు ట్యూషనా, రేపు ఎవరైనా అడిగితే ఏం చెప్పాలని నన్ను పట్టుకున్నాడు. కాగితంలో ఉన్నది నిజం, సంతకాలు దాని కిందే ఉన్నాయి, ఊళ్ళో ఏమనుకుంటారో దానికి మనం సంతకం పెట్టలేదు అన్నాను. ఆయన తృప్తి పడలేదు కానీ ఊరుకున్నాడు.

మాట చెప్పింది ఓబులప్ప, చాకిరీ చేసింది నేను. ఇంగ్లీషని ఊరంతా నమ్మాక ఇంగ్లీషు చెప్పకపోతే ఎలా? హాస్టలు తెరిచిన నాటినుంచి సాయంత్రం బడి విడిచాక ఒక గంట అక్కడ పాఠం చెప్పి, కదిరికి చివరి బస్సు పట్టుకునేదాన్ని. దీనికి జీతం లేదు, సెలవు లేదు. థీమ్ అయిపోయినా ఆ గోనె పురి మీద సముద్రం మాటలు తీయనివ్వలేదు పిల్లలు. వాటి పక్కనే బెంగళూరు మాటలు చేరాయి, ఇటుక, సిమెంటు, లిఫ్టు. అవి అడిగినవాళ్ళు ఎవరో, ఎందుకడిగారో ఇప్పుడు నాకు చెప్పకుండానే తెలిసేది.

ఉగాదికి ముందు పెద్దవాళ్ళు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. హాస్టలు నుంచి పిల్లను అప్పగించేటప్పుడు తల్లో తండ్రో రిజిస్టరులో సంతకం పెట్టాలి. అక్కులమ్మ ఒక్కతే వచ్చింది. సంతకం రాదని అంతకుముందు చెప్పింది కాబట్టి వేలిముద్ర వేయించుకుందామని నేను ఇంకు ప్యాడు తీశాను.

"వద్దు మేడమ్, పెన్ను ఈండి" అంది.

కొంగులోంచి కుడిచేయి తీసింది. వేళ్ళ చివర్లు తెల్లగా ఉబ్బి, గోళ్ళ పక్కన చర్మం చీలి ఉంది. గదిలో హెడ్మాస్టరు ఉన్నాడు, ఇంకో ఇద్దరు తల్లులు ఉన్నారు. ఆమె ఎవరినీ చూడకుండా తన పేరు పూర్తిగా, గుండ్రటి అక్షరాలతో రాసింది.

"నీకు సంతకం వచ్చా?" అన్నాను.

"ఐదు దంకా చదివినా మేడమ్. పెన్ను పట్టుకోవల్లంటే చెయ్యి బయటికి తియ్యల్ల గదా" అంది.

కుళ్ళాయమ్మ తల్లి చేయి పట్టుకుని బయటికి నడిచింది. ఆమె అదే బళ్ళో పదో తరగతి పూర్తి చేసింది. అప్పటికి నేను ఇంకో మండలానికి బదిలీ అయ్యాను.

నేను పదవీ విరమణ చేసేదాకా రెండు సంగతులు వదల్లేదు. ఇంటి కష్టం గురించి నలుగురిలో చేతులెత్తించే పద్ధతిని నేనున్న బళ్ళలో జరగనివ్వలేదు. తలుపు దగ్గరికి వేసి, ఒక్కొక్కరినీ వేరుగా అడిగించాను. అలా అడిగితే చెప్పనివాళ్ళు చాలా తక్కువ. రెండోది క్లాసుకు సంబంధించింది. తిట్లు తప్ప పిల్లలు ఏ మాట అడిగినా ఇచ్చాను, ఎందుకని మాత్రం అడగలేదు.